అపకీర్తి పాలైన అచ్యుతదేవరాయలు

మన పల్లెలలో రచ్చబండకడ కూర్చుండి పూర్వపు రాజుల మాట ఎత్తినచో మొదట వినవచ్చు పేరు శ్రీకృష్ణదేవరాయలది. కొండవీటి కోటను గెలిచినవాడాయన, ఆముక్తమాల్యదను వ్రాసినవాడాయన, తెనాలి రామకృష్ణుని కథలన్నింటిలో సింహాసనముపై కూర్చుండి నవ్వువాడును ఆయనయే. ఆ పిమ్మట మన కథ ఒక్క గంతులో తళ్ళికోట యుద్ధమునకు దుముకును. కృష్ణరాయలు మరణించినది 1529వ సంవత్సరమున; తళ్ళికోట యుద్ధము జరిగినది 1565వ సంవత్సరమున. ఈ రెంటి నడుమ ముప్పదియారేండ్లు గలవు. ఆ ముప్పదియారింటిలో మొదటి పదుమూడేండ్లు విజయనగర సింహాసనమున కూర్చున్నవాడు అచ్యుతదేవరాయలు.

ఈయనను గూర్చి పెక్కు పాఠ్యగ్రంథములలో ఉండునది రెండు మూడు వాక్యములు మాత్రమే. పిఱికివాడనియు, భోగలాలసుడనియు, బావమఱదుల చేతిలో కీలుబొమ్మయనియు, అన్న సంపాదించిన కీర్తిని తమ్ముడు పోగొట్టెననియు ఆ వాక్యముల సారాంశము. ఒక మనిషి పదుమూడేండ్ల పాలనము మూడు వాక్యములలో ముగిసినప్పుడు, ఆ వాక్యములు ఎవరు వ్రాసిరి, ఎందుకు వ్రాసిరి అని అడుగుట చదువరుల హక్కు. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొన్న ఈ శుభసమయమున ఆ ప్రశ్నను ముందిడుకొని, ఆ రాజు చరిత్రను ఒకపరి నెమ్మదిగా తిరుగవేయుదము.

ఇంగ్లండు నుండి ఒక పోలిక

ఇట్టి అన్యాయము మన రాజులకు మాత్రమే జరుగలేదు. ఇంగ్లండును 1485 మొదలు 1509 వఱకు ఏలిన ఏడవ హెన్రీ సంగతి చూడుడు. ఆయన తాత ఓవెన్ ట్యూడరు వేల్సు సీమవాడు. హెన్రీ తన యౌవనములో పదునాలుగేండ్లు బ్రిటనీలోను ఫ్రాన్సులోను పరాశ్రయమున కాలము గడపి, 1485లో బాస్వర్తు యుద్ధమున మూడవ రిచర్డును గెలిచి రాజయ్యెను. ముప్పదియేండ్ల అంతఃకలహముచే చితికిపోయిన దేశమును చక్కదిద్ది, నిండిన బొక్కసమును కుమారునకు అప్పగించి పోయెను. కాని లోకము ఆయనను పిసినారి యనియు, పన్నులు పిండిన కఠినుడనియు మాత్రమే తలచుచు వచ్చెను. ఆ చిత్రమును స్థిరపఱచినవాడు ఫ్రాన్సిస్ బేకను. ఆయన గ్రంథము 1622లో, అనగా రాజు మరణించిన నూటపదుమూడేండ్లకు వెలువడెను. తరువాతి చరిత్రకారులు రాజగృహపు లెక్కల పుస్తకములు తెఱచి చూడగా ఆ పిసినారి రాజు కట్టడములకును, ఆభరణములకును, విందులకును ధారాళముగా వెచ్చించిన సంగతి తెలియవచ్చెను. ఆయన పన్నులవిషయమున కఠినుడనుట నిజమే; కాని అది సగము నిజము.

ఏడవ హెన్రీ రాజైన 1485 ప్రాంతముననే విజయనగరమున సాళువ నరసింహరాయలు సంగమవంశమును తొలగించి సింహాసన మెక్కెను. హెన్రీ కుమారుడు ఎనిమిదవ హెన్రీ పట్టమునకు వచ్చిన 1509లోనే ఇచ్చట కృష్ణరాయలు పట్టమునకు వచ్చెను. రెండు దేశములను ముడివేయు కారణమేదియు ఇందు లేదు. ఇది కేవలము కాలము కుదిర్చిన పొందిక. ఐనను ఒక రాజునకు అపకీర్తి ఎట్లు పుట్టును, ఎట్లు నిలుచును అను విషయమున ఇంగ్లండు రాజు కథ మన అచ్యుతరాయల కథకు దారిచూపు దీపము వంటిది.

చంద్రగిరి కోట నుండి సింహాసనమునకు

అచ్యుతుని వంశము తుళువ వంశము. పడమటి సముద్రతీరమునందలి తుళునాటి పేరు ఈ వంశమునకు వచ్చినది. తండ్రి నరసనాయకుడు సాళువ నరసింహునికడ సేనానియై, ఆయన మరణానంతరము రాజ్యభారమును వహించెను. నరసనాయకుని కుమారులలో వీరనరసింహుడు తిప్పాంబకును, కృష్ణరాయలు నాగలాంబకును, అచ్యుతుడును రంగడును ఓబమాంబకును జన్మించిరి. అనగా కృష్ణరాయలకు అచ్యుతుడు సవతితమ్ముడు.

కృష్ణరాయలు పట్టాభిషిక్తుడైన వెంటనే తన సోదరులను, అన్నకుమారుని కోటలో బంధించి యుంచెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. సింహాసనమునకు హక్కుదారులను కనుసన్నలలో ఉంచుకొనుట ఆ కాలపు రాజనీతి. కృష్ణరాయలు మరణించునాటికి అచ్యుతుడు చంద్రగిరి కోటలో ఉండెను. అన్న దిగ్విజయములు చేయుచు, కావ్యము వ్రాయుచు, దేవాలయములు కట్టించుచు ఉండగా, తమ్ముడు గోడల నడుమ కాలము గడపెను. అతనికి యుద్ధానుభవమును, మంత్రుల పరిచయమును, సేనల విశ్వాసమును సంపాదించుకొను అవకాశము చిక్కలేదు. ఆయన గుణదోషములను తూచునప్పుడు ఈ సంగతిని మఱువరాదు.

కృష్ణరాయల కుమారుడు తిరుమలరాయలు 1524లో పట్టము గట్టుకొని, బాల్యముననే మరణించెను. 1529లో కృష్ణరాయలు కాలధర్మము చెందునాటికి మిగిలిన కుమారుడు పదునెనిమిది నెలల పసివాడు. కనుక చంద్రగిరిలోనున్న తమ్ముడు అచ్యుతుడు రాజు కావలెనని రాయలు నిర్ణయించెనని నూనిజే చెప్పుచున్నాడు. గొప్పరాజు తన తరువాత రాజ్యమునకు తగినవానిగా ఎన్నుకొన్న మనిషి ఇతడు. కాని కృష్ణరాయల అల్లుడు రామరాయలు ఆ పసిబాలుని సింహాసనముపై నుంచి తానే చక్రము త్రిప్పవలెనని చూచెను. అచ్యుతుడు రాజధాని చేరువఱకు సింహాసనమును కాచి యుంచినవాడు సాళువ వీరనరసింహ నాయకుడు.

అచ్యుతుడు రాజధానికి చేరుటకు ముందే తిరుమలలో శ్రీవేంకటేశ్వరుని సన్నిధిని, స్వామి శంఖతీర్థముతో అభిషేకము పొందెను. కాళహస్తిలో మఱియొక పట్టాభిషేకము జరిగెను. పిమ్మట విజయనగరమున మరల జరిగెను. ఒక్క సంవత్సరములో మూడు పట్టాభిషేకములు! ఇది ఆడంబరమని కొందఱందురు. రాజధానిలో పోటీదారుడు పొంచియున్నప్పుడు, దేవుని సన్నిధిని ముందుగా కిరీటము ధరించుట మెలకువగల వాని పనియని గ్రహింపవలెను. రామరాయలతో కలహమునకు దిగక, అతనికి కూడ అధికారములో భాగమిచ్చి తాత్కాలికముగా సంధి చేసికొనెను.

నలుదిక్కుల శత్రువులు

పెద్దదిక్కు పోయిన ఇంటిమీదికి ఇరుగుపొరుగువారు గట్లు జరుపుటకు వచ్చుట పల్లెటూళ్ళలో మనమెఱుగనిది కాదు. రాజ్యములకును అదియే న్యాయము. కృష్ణరాయలు మరణించెనని వినినంతనే ఉత్తరమున బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా రాయచూరు, ముదిగల్లు కోటలను పట్టుకొనెను. తూర్పున కళింగాధిపతి ప్రతాపరుద్ర గజపతి పూర్వపరాభవమునకు పగతీర్చుకొన దండు వెడలెను. గోలకొండ సుల్తాను కులీ కుతుబ్‌షా దృష్టి కొండవీటిపై పడెను.

ఈ చివరి మాట మనకు సంబంధించినది. నేడు మార్టూరు చుట్టుపట్ల ప్రత్తియు మిరపయు పండు ఈ నల్లరేగడి నేలలు ఆనాటి కొండవీటి సీమలోనివి. మన ఊరు ఒకనాడు గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. గీతలు మాఱినను నేల మాఱలేదు. ఆనాడును ఈ నేలకొఱకే గజపతులును, రాయలును, గోలకొండ సుల్తానులును పెనగులాడిరి. కృష్ణరాయలు 1515లో గజపతులనుండి కొండవీటిని జయించెను. పదునాలుగేండ్లకే అది తిరిగి పోవలసినదే. కాని పోలేదు. గజపతి దండును వెనుకకు నెట్టబడెను. గోలకొండవారి ప్రయత్నమును విఫలమయ్యెను. అన్న గెలిచిన కొండవీటిని తమ్ముడు నిలుపుకొనెను. గెలిచినవానికి పాటలు పుట్టినవి. నిలిపినవాని పేరు మన సీమలో ఎవరికిని గుర్తులేదు.

తామ్రపర్ణీ దండయాత్ర

వెలుపలి శత్రువులు చాలనట్లు ఇంటిలోనే తిరుగుబాటు పుట్టెను. సింహాసనమును కాచి యిచ్చిన సాళువ వీరనరసింహ నాయకుడే ఎదురు తిరిగెను. రామరాయలకును, రాజుగారి బావమఱదులైన సలకరాజు సోదరులకును అధికారము పంచబడగా, తనకు దక్కవలసిన గౌరవము తగ్గెనని అతని అలుక. చోళదేశము అతని పాలనలో నుండెను. అతడు తిరువాన్కూరు ప్రభువుతో చేతులు కలిపెను. ఆ ప్రభువు పాండ్యరాజు భూములను అదివఱకే ఆక్రమించి యుండెను.

భోగలాలసుడైన పిఱికిరాజు ఇట్టి సమయమున అంతఃపురమున దాగవలెను. అచ్యుతరాయలు స్వయముగా సేనతో బయలుదేఱెను. చంద్రగిరి, కాళహస్తి, కంచి మీదుగా శ్రీరంగము వఱకు నడచెను. అచ్చట తాను నిలిచి, బావమఱది సలకరాజు తిరుమలుని ముందునకు పంపెను. తిరుగుబాటుదారులు ఓడిరి. తామ్రపర్ణీతీరమున విజయస్తంభము నాటబడెను. పాండ్యరాజునకు అతని భూములు తిరిగి దక్కెను. ఆయన తన కుమార్తెను అచ్యుతునకిచ్చి వివాహము చేసెను. ఈ దండయాత్ర కథయంతయు రాజనాథ డిండిమకవి రచించిన అచ్యుతరాయాభ్యుదయము అను సంస్కృతకావ్యమున గలదు. ఆస్థానకవి తన ప్రభువును పొగడుట సహజమే. అది తీసివేసి చదువవలెను. కాని కాళహస్తి శాసనమును ఈ విజయమును చెప్పుచున్నది.

ఉత్తరమున కూడ ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1534లో ఇస్మాయిల్ ఆదిల్‌షా మరణించి, కుమారుడు మల్లూ ఆదిల్‌షా కొలది నెలలు రాజ్యము చేయు కాలమున అచ్యుతరాయలు కృష్ణా తుంగభద్రల నడిమి రాయచూరు సీమపై దండెత్తి, పోయినదానిని మరల రాబట్టుకొనెను. అదను కనిపెట్టి కొట్టుట పిఱికితనము కానేరదు.

నూనిజ్ వ్రాసిన మాటలు

ఇట్టి రాజునకు అట్టి అపకీర్తి ఎక్కడనుండి వచ్చినది? ముఖ్యముగా ఒక్క పుస్తకమునుండి వచ్చినది. ఫెర్నావ్ నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱాల వర్తకుడు అచ్యుతుని కాలమున విజయనగరమున నివసించి, 1535–37 ప్రాంతమున ఆ రాజ్యచరిత్రను తన భాషలో వ్రాసెను. అచ్యుతుని పేరును అతడు చితారావు అని వ్రాసినాడు. రాజు దుర్వ్యసనపరుడనియు, నిజాయితీ తక్కువవాడనియు, బావమఱదుల మాట జవదాటడనియు, ప్రజలును దండనాయకులును అసంతృప్తితో ఉన్నారనియు అతని తీర్పు. బిజాపూరు సుల్తాను దండెత్తి రాగా రాజు ఎదిరింపక, పది లక్షల వరహాలును రాయచూరును ఇచ్చి సంధి చేసికొనెనని అతడు చెప్పినాడు. అనంతరము ఆ ధనమును దండనాయకులనుండియు ప్రజలనుండియు నిర్దయగా రాబట్టెననియు వ్రాసినాడు.

ఈ వ్రాత మూడున్నర శతాబ్దములకు పైగా యూరపులో మూలబడి యుండెను. పారిస్ జాతీయ గ్రంథాలయమునందలి వ్రాతప్రతిని డేవిడ్ లోపెష్ 1897లో లిస్బనులో అచ్చువేయించెను. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్టు స్యూయెల్ దానిని ఇంగ్లీషులోనికి మార్చి, విజయనగరమును గూర్చిన తన ప్రసిద్ధ గ్రంథమున 1900లో చేర్చెను. ఆ గ్రంథము మఱచిపోయిన మహాసామ్రాజ్యమును లోకమునకు తిరిగి పరిచయము చేసెను. అందులకు మనము కృతజ్ఞులమై యుండవలెను. కాని దానితోపాటు నూనిజ్ తీర్పును లోకమునకు పరిచయమయ్యెను. అటు తరువాత వ్రాసినవారు పెక్కుమంది అచ్యుతుని గూర్చి ఆ తీర్పునే తిరుగ వ్రాసిరి.

నూనిజ్ అబద్ధములాడినవాడని చెప్పుట మన ఉద్దేశము కాదు. అతడు కన్నులార చూచిన విషయములను వర్ణించునప్పుడు మిక్కిలి విలువగల సాక్షి. కాని సాక్షి ఎవరు, ఎచ్చట నిలిచి చూచెను అను ప్రశ్న న్యాయస్థానమునందు వలెనే చరిత్రయందును అవసరము. అతడు వర్తకుడు, అంగడిలోను, దండనాయకుల యిండ్లలోను తిరుగువాడు. అధికారము తగ్గినవారు రాజును గూర్చి చెప్పుకొను మాటలు అతని చెవిని పడుట సహజము. అతడు వ్రాసినది పాలనము నడుమ. తరువాతి యేండ్ల సంగతి అతని పుస్తకమున ఉండుటకు వీలులేదు.

మఱియొక విశేషము కలదు. నూనిజ్ తీర్పునకు నూనిజ్ లెక్కలే అడ్డువచ్చుచున్నవి. ఈ రాజు ఏటేట హోర్ముజు గుఱ్ఱములును నాటు గుఱ్ఱములును కలిపి 13,000 కొని, మేలైనవి తన శాలలలో నుంచుకొని, తక్కినవి దండనాయకులకు ఇచ్చునని అతడే వ్రాసినాడు. ఆ కాలమున గుఱ్ఱపుదళమే సైన్యమునకు వెన్నెముక. ఏడాదికి పదుమూడువేల గుఱ్ఱములు కొను రాజు సైన్యమును మఱచి భోగములలో మునిగినాడనుట ఎట్లు పొసగును? గుఱ్ఱములమ్మువాడు గుఱ్ఱముల లెక్కలో పొరబడుట అరుదు.

ఇక పది లక్షల వరహాల మాట. ఇంటిలో పోరు లేనివాడు పొరుగువానికి సొమ్మిచ్చి పంపినచో దానిని పిఱికితన మనవచ్చును. అచ్యుతుని యింటిలో పోరు ఎంతటిదో చూడుడు. బిజాపూరున ఇబ్రహీం ఆదిల్‌షా తన కొలువునుండి తొలగించిన మూడువేలమంది సైనికులను రామరాయలు చేరదీసి, బలము పెంచుకొని, రాజునే బంధించెను. తానే రాజునని చాటింపబోగా ప్రభువులు ఒప్పుకొనలేదు. అప్పుడు అచ్యుతుని సోదరుడైన రంగని కుమారుడు సదాశివుని రాజుగా చూపెను. రామరాయలు దక్షిణమునకు పోయిన తఱిని అచ్యుతుడు చెఱవిడివడి సింహాసనమును మరల అధిష్ఠించెను. ఈ కలహమును చూచి ఇబ్రహీం ఆదిల్‌షా రాజధాని వఱకు రాగలిగెను. తుదకు ఇరువురకును రాజీ కుదిరెను. రాజు రాజుగా నిలిచెను. రామరాయలు తన జాగీరులతో నిలిచెను. వెనుక కత్తి పట్టుకొన్నవాడు ఉండగా ముందున్నవానితో సంధి చేసికొనుట రాజనీతిలో తప్పు గాదు.

ఱాళ్ళు చెప్పు సాక్ష్యము

వ్రాసినవారు పక్షపాతులు కావచ్చును. శాసనములు వేయించినవారును తమ గొప్పయే చెప్పుకొందురు. కాని శాసనమున ఒక మేలు గలదు: దానిలో తేదీ యుండును, చోటు ఉండును, భూమి హద్దు ఉండును, ఇచ్చినవాడు ఎవరి రాజ్యమున ఇచ్చెనో ఉండును. రాజ్యము కట్టుతప్పినచో శాసనములు తగ్గిపోవును.

తిరుమల తిరుపతి దేవస్థానమువారు తమ ఆలయములలోని శాసనములను సంపుటములుగా ప్రకటించిరి. అందు మూడవ సంపుటము కృష్ణరాయల కాలముది. నాలుగవది సంపూర్ణముగా అచ్యుతరాయల కాలముది. ఒక పదుమూడేండ్ల పాలనము ఒక సంపుటమును నింపినది. మనవారు తిరుమల యాత్రకు పోయినప్పుడు మహాద్వారము దాటగానే దేవేరులతో కూడి చేతులు జోడించి నిలిచిన కృష్ణరాయల రాగివిగ్రహమును అందఱును గుర్తింతురు. దానికెదుట ప్రక్కను అచ్యుతరాయలును, దేవేరి వరదాజి అమ్మణ్ణియు శిలావిగ్రహములై అట్లే చేతులు జోడించి యున్నారు. వారిని అడిగి తెలిసికొనువారు అరుదు.

లేపాక్షి వీరభద్రాలయమును చూడని తెలుగువారుండవచ్చును గాని, వినని వారుండరు. ఆ నందియు, ఆ చిత్రములతో నిండిన మంటపపుకప్పులును అచ్యుతరాయల కాలపు సంపద. పెనుగొండ సీమలో రాజోద్యోగులైన విరుపణ్ణ, వీరణ్ణ అను సోదరులు ఆ ఆలయమును కట్టించిరి. సెలవు లేక బొక్కసపు సొమ్ము వెచ్చించెనని రాజు విరుపణ్ణ కన్నులు తీయింప నాజ్ఞాపింపగా, అతడే తన కన్నులు పెఱికి గోడకు కొట్టెనని ఒక కథ చెప్పుదురు. గోడమీది మఱకలను చూపుదురు. ఆ కథ నమ్మినచో ఆ క్రూరుడైన రాజు అచ్యుతుడే కావలెను. శాసనములందున్నవి మాత్రము దానముల వివరములు. ఇట్లు అద్భుతమైన గుడి కట్టించిన కాలమే ఆ రాజునకు మఱియొక అపకీర్తి కథను తెచ్చిపెట్టినది.

హంపీలో నేడు అచ్యుతరాయల గుడి అని పిలువబడు తిరువెంగళనాథాలయము 1534లో సలకరాజు పెదతిరుమలుని చేత నిర్మింపబడెను. ఆయన కొలువున చదువు స్త్రీలకును దక్కెను. హంపీ శాసనములలోని సంస్కృతశ్లోకములను రచించిన వారిలో ఓదువ తిరుమలమ్మ అను విదుషి గలదు. ఓదువ యనగా కన్నడమున చదువునట్టి అని అర్థము. చదువరి అను మాటనే ఇంటిపేరువలె ధరించిన ఆ తల్లి ఆ కొలువున గౌరవము పొందెను. అచ్యుతుని దేవియైన తిరుమలాంబ వరదాంబికాపరిణయము అను చంపూకావ్యమును సంస్కృతమున రచించెను. అందు అచ్యుతునకును వరదాంబకును జరిగిన వివాహమును, వారి కుమారుడు చినవేంకటాద్రి జననమును వర్ణింపబడినవి. సవతి వివాహమును సవతి కావ్యముగా వ్రాయుట సాహిత్యలోకమున అపూర్వము. ఆ విదుషియు ఈ రాణియు ఒక్కరేయని కొందఱు పండితుల మతము. ఈ కావ్యపు వ్రాతప్రతి తంజావూరు రాజగ్రంథాలయమున దొరకగా, పండితుడు లక్ష్మణ్ సరూప్ పరిష్కరించిన ప్రతి లాహోరున అచ్చయ్యెను.

నిజమైన దోషములు

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి అచ్యుతుడు కృష్ణరాయలంతటివాడని ఎవరును అనుకొనరాదు. అపవాదును తొలగించుట వేఱు, లేని గొప్పను అంటగట్టుట వేఱు.

ఆయన దోషములలో మొదటిది, బావమఱదులకు మితిమీఱిన అధికారమిచ్చుట. సలకరాజు సోదరులు దక్షిణ దండయాత్రలో రాజునకు కుడిభుజములై నిలిచిన మాట నిజమే. కాని ఒకే యింటివారికి అన్ని తాళపుచెవులు ఇచ్చినచో తక్కిన ప్రభువులు దూరమగుదురు. సాళువ వీరనరసింహుని వంటి ఉపకారి శత్రువగుటకు ఇదియే కారణము. రెండవది, రామరాయల ఆశను రెండుమారులు చూచియు అతనిని పూర్తిగా అదుపులో పెట్టలేకపోవుట. మూడవది, తన తరువాత పసివాడైన కుమారునకు నమ్మకమైన రక్షణ ఏర్పఱుపక పోవుట.

ఈ మూడును పెద్ద తప్పులే. వాని ఫలము వెంటనే కనబడెను. 1542లో అచ్యుతరాయలు మరణింపగా, బాలుడైన వేంకటాద్రి రాజయ్యెను. మేనమామ సలకరాజు చినతిరుమలుడు రాజ్యమును తానే చేజిక్కించుకొన గోరి ఆ బాలుని చంపించెను. రామరాయలు సలకరాజును తొలగించి, సదాశివుని సింహాసనమున నుంచి, తానే సర్వాధికారి అయ్యెను. అప్పటినుండి సుల్తానుల తగవులలో తలదూర్చి, ఒకరిపై నొకరిని ఉసికొల్పు నీతి సాగెను. అది 1565లో తళ్ళికోట రణరంగమున ముగిసెను. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1579–80 ప్రాంతమున, మన కొండవీడు గోలకొండ వశమయ్యెను.

అచ్యుతుడు బ్రతికియున్నంతకాలము కొండవీడు చేజాఱలేదు. దక్షిణము తిరుగబడి నిలువలేదు. సంస్థానములు పన్నులు మానలేదు. ఆయన పాలనమున పోయినదానికన్న నిలిచినదే ఎక్కువ. రాజ్యమునకు పగులు ఇంటిలోనుండి వచ్చెను. ఆ పగులును పూడ్చు బలము ఆయనకు లేకపోయెను. చరిత్ర ఆయనపై ఈ అభియోగము మోపినచో న్యాయమే. పిఱికి, భోగి అని మోపినది న్యాయము కాదు.

మరల తూచిన త్రాసు

ఈ త్రాసును మరల సరిచేసినవారు మనవారే. 1919లో ఆచార్య ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు విజయనగరచరిత్రకు పనికివచ్చు కావ్యభాగములను సేకరించి ప్రకటించిరి. 1935లో మద్రాసు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన తుళువవంశ చరిత్ర పరిశోధనగ్రంథమున నేలటూరి వేంకటరమణయ్యగారు శాసనములను, కావ్యములను, నూనిజ్ వ్రాతను, బిజాపూరు చరిత్రకారుడు ఫెరిస్తా వ్రాతను ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించి, అచ్యుతరాయలు చేతగానివాడను మాట నిలువదని నిరూపించిరి. ఆయన రాజుపై ప్రేమచే ఈ పని చేయలేదు. సాక్ష్యమును సాక్ష్యముతో తూచుట పండితుని ధర్మమని చేసెను. ఐనను పండితుల గ్రంథములు పాఠ్యపుస్తకములవఱకు దిగివచ్చుటకు చాలకాలము పట్టును. పల్లెలవఱకు వచ్చుటకు ఇంకను ఎక్కువ కాలము పట్టును.

చదువరులారా, ఈ కథలో మఱియొక సూక్ష్మము గలదు. అచ్యుతునిపై నేరము మోపిన నూనిజ్ వ్రాత పారిస్ గ్రంథాలయమున దొరకినది. ఆయన కొలువు వైభవమును చూపు తిరుమలాంబ కావ్యము తంజావూరు గ్రంథాలయమున దొరకినది. అభియోగమును బీరువాలోనే యుండెను, సమాధానమును బీరువాలోనే యుండెను. రెండును దాచియుంచినవారు ఏ పక్షమువారును కారు. పుస్తకమును పుస్తకముగా భద్రపఱచినవారు. ఒకే పుస్తకమున్న చోట ఆ పుస్తకము చెప్పినదే తీర్పు. రెండవ పుస్తకము వచ్చి దాని ప్రక్కన చేరిననాడు విచారణ మొదలగును.

మన గ్రంథాలయమును అట్టి చిన్న న్యాయస్థానమే. ప్రత్తితీతకును మిరపకోతకును నడుమ తీరిక దొరకిన సాయంకాలములందు ఇచ్చటికి వచ్చి పుస్తకము తీయు రైతుబిడ్డ, తాను ఎఱుగకయే, ఎవరో ఒకరి పేరును మరల తూచుచున్నాడు. మృతులైన రాజులకు ఇక లాభనష్టములు లేవు. కాని చనిపోయినవానిని వినికిడి మాటపై నిందింపరాదని అలవడిన ఊరు, బ్రదికియున్న పొరుగువానిని కూడ వినికిడి మాటపై నిందింపదు. రానున్న ఇరువదియైదేండ్లలో ఈ బీరువాలలో కృష్ణరాయల చరిత్ర ప్రక్కన అచ్యుతరాయల చరిత్రయు చేరి, రెండింటి అట్టలును సమానముగా నలిగియుండుగాక!